పెద్దకర్మ అయ్యాక ఆ గడప తొక్కేదెవరు?

ఆ ఇంటికి నేను వెళ్ళేసరికి పెద్దకర్మ అయి నెల దాటింది. పోయిన కూతురి హాల్‌టికెట్‌ని తల్లి పోపుల డబ్బా కింద దాచుకుంది. పొయ్యి ముట్టించినప్పుడల్లా తీసి చూసుకుంటోంది. తొమ్మిదో తరగతి తమ్ముడు అప్పట్నుంచి బడి మొహం చూడలేదు. ఎందుకురా అని అడిగిన నాథుడు లేడు. పోలీసులొచ్చారు, టీవీవాళ్లొచ్చారు, నాయకులొచ్చి పరామర్శించి ఫొటో దిగారు. మిగిలినవాళ్లను నిలబెట్టడం తెలిసిన మనిషి మాత్రం ఒక్కరూ రాలేదు.

దీన్ని నిర్లక్ష్యం అని మెత్తగా అనను. నేరం.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు తప్పుల తడకగా వచ్చాయి. ఇరవై మందికి పైగా పిల్లల్ని ఆత్మహత్యల్లో పోగొట్టుకున్నాం. కమిటీ వేశారు, జవాబు పత్రాలు మళ్లీ దిద్దారు. ఆ తల్లిదండ్రుల్ని, ఆ తోబుట్టువుల్ని, పక్క బెంచీ నేస్తాల్ని కనిపెట్టుకుని ఉండే పని ఎవరికి అప్పజెప్పారు? 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఇలా పోయారని ప్రభుత్వ లెక్కే చెప్పింది. అన్ని వేల ఇళ్ల సంగతి ఏ లెక్కలోనూ లేదు.

విశాఖలో నీట్ కోచింగ్‌కని చేరిన 17 ఏళ్ల అమ్మాయి చనిపోయిన కేసులో, 2025 జులైలో సుప్రీంకోర్టు తెగేసి చెప్పింది: వందమంది విద్యార్థులుంటే చాలు, ఆ సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండి తీరాలి. ఇదేమైనా గొంతెమ్మ కోరికా? లెక్కల లెక్చరర్ గది తలుపుకే కౌన్సెలర్ అని బోర్డు తగిలిస్తే సరిపోదు. మార్కులు తగ్గాయని పొద్దున క్లాసులో నిలబెట్టిన మనిషి దగ్గర సాయంత్రం ఏ పిల్ల నోరు విప్పుతుంది? పోయిన పిల్ల రూమ్మేట్లను ఇంకో గదికి మార్చి, ఆదివారం టెస్టుకు కూర్చోబెట్టేవాళ్లను ఏమనాలి?

సోషల్ వర్కర్ వస్తే ఆ తల్లి పక్కన చాప మీద కూర్చుంటుంది. పెంపకం అంటూ గుసగుసలాడే చుట్టాల నోరు మూయిస్తుంది. హెడ్మాస్టరుతో మాట్లాడి తమ్ముణ్ణి బడిలో దిగబెడుతుంది, వారం వారం వచ్చి చూసిపోతుంది. సోషల్ వర్క్‌లో పీజీ (ఎంఎస్‌డబ్ల్యూ) చదివినవాళ్లు మనకు కరువా? కరువైంది వాళ్లకు పోస్టులు.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి రాత్రీ పగలూ ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. కష్టంలో ఉన్న ప్రతి ఒక్కరూ చెయ్యాలి. కానీ పోపుల డబ్బా పక్కన కూలబడ్డ ఆ తల్లి చేతికి ఫోన్ రాదు. మనిషే ఆమె దగ్గరికి వెళ్లాలి. మండలానికొక సోషల్ వర్కర్‌ని వెయ్యండి. ఆ తమ్ముడు వచ్చే ఏడు పదో తరగతి రాయాలి.