బాలలకు తొలి గగన పాఠం

పౌర విమానయాన డైరెక్టర్ జనరల్ గారికి,

విద్యార్థి పైలట్ లైసెన్సుకు, అంటే శిక్షణలో ఉన్నవారికి ఇచ్చే తొలి అనుమతికి, 16 ఏళ్లు నిండాలన్న నియమం సమంజసమే. అయితే అంతకు ముందే, ఇద్దరూ నడపగలిగేలా జంట నియంత్రణలు అమర్చిన చిన్న విమానంలో బోధకుని పక్కన కూర్చుని, నియంత్రణ దండాన్ని వెనక్కి లాగితే విమానం ముక్కు పైకి లేవడాన్ని స్వయంగా అనుభవించే అవకాశం ప్రభుత్వ పాఠశాలల బాలలకు దాదాపుగా అందడం లేదు. అమెరికాలో 1992లో ఆరంభమైన ‘యంగ్ ఈగిల్స్’ కార్యక్రమం కింద స్వచ్ఛంద పైలట్లు 8 నుంచి 17 ఏళ్ల పిల్లలను ఉచితంగానే ఆకాశంలోకి తీసుకువెళుతున్నారు. బేగంపేట వంటి శిక్షణ కేంద్రాల్లో ఇటువంటి పరిచయ పాఠాలకు భద్రత, బీమా, తల్లిదండ్రుల సమ్మతి గురించిన మార్గదర్శకాలను డైరెక్టరేట్ రూపొందించాలనీ, రుసుము కట్టగల కుటుంబాలకే అవి పరిమితం కాకుండా తొలి సీట్లను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలకు కేటాయించాలనీ విజ్ఞప్తి.