ఒక బొమ్మకు నాలుగు ప్లేట్లు

పిల్లలూ! అమీర్‌పేటలో మైత్రీవనం ముందునుంచి ఎప్పుడైనా నడిచారా? కంప్యూటరు క్లాసుల కాగితాలు చేతిలో పెట్టేవారికి అక్కడ కొదవ లేదు. ఈసారి రంగుల బొమ్మ ఉన్న కాగితమొకటి ఇంటికి తెచ్చి, భూతద్దంతో చూడండి. ఆకుపచ్చ చొక్కా ఉన్నచోట ఆకుపచ్చ సిరాయే కనబడదు! ఉన్నవి నీలి చుక్కలూ, పసుపు చుక్కలూను. వాటిని కలిపేది మీ కన్నే.

కంప్యూటరు తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతో బొమ్మ చూపుతుంది. కాగితానికి సొంత వెలుగు లేదు గదా! అందుచేత అచ్చుకు సయాన్ అనే నీలం, మెజెంటా అనే గులాబి ఎరుపు, పసుపు, నలుపు సిరాలు వాడతారు. కంప్యూటరు పేజీని నాలుగుగా విడగొడుతుంది. రంగుకొక అల్యూమినియం ప్లేటు.

మొదటి మూడూ కలిస్తే నలుపు రాదా? రావాలి గాని, వచ్చేది బురద రంగు.

అసలు చిక్కు అక్షరాలతోనే. నల్లని అక్షరాన్ని నాలుగు ప్లేట్లలోనూ వేస్తే, కాగితం వెంట్రుకవాసి జరిగినా అంచులు చెదురుతాయి. ‘ద’ అడుగున చిన్నగీత ఉంటే ‘ధ’, ‘ప’ అడుగున ఉంటే ‘ఫ’. ఆ గీత అలుక్కుపోతే చదువు నేర్చే చిన్నవాడి గతేమిటి? తప్పు చదివిన పిల్లవాణ్ణి కోప్పడేముందు పుస్తకం చూడమని మా ఉపాధ్యాయులకు చెప్పేవాణ్ణి.

అందుకే తెలిసినవారు ప్లేటు చేయకముందే, తెరమీద నల్లపొరను మూసి చూస్తారు. అక్షరాలన్నీ మాయమైతే సరే. ఒక్కటి మిగిలినా పేజీ వెనక్కి వెళ్ళవలసిందే.