338 మాటల కథ, 101 నిమిషాల సినిమా

నాలుగు నిమిషాల్లో చదవటం అయిపోయే బొమ్మల పుస్తకం ఒకటి ఉన్నది. అందులో ఉన్నవి మొత్తం 338 ఇంగ్లీషు మాటలు. దాన్ని గంటా నలభై ఒక్క నిమిషాల సినిమాగా తీయమని మీకు అప్పగించారనుకోండి. కథ నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. తరవాత గంటన్నర సేపు తెర మీద ఏం చూపుతారు?

ఇది ఉత్తుత్తి ప్రశ్న కాదు. అమెరికాలో నిజంగానే ఇలాంటి పని జరిగింది.

ఆ పుస్తకం పేరు ‘వేర్ ది వైల్డ్ థింగ్స్ ఆర్’. అంటే, వింత మృగాలు ఉండే చోటు అన్నమాట. కథ రాసినవాడూ, బొమ్మలు గీసినవాడూ ఒకడే. ఆయన పేరు మారిస్ సెండాక్. పోలండు నుంచి వలస వచ్చిన యూదుల కుటుంబంలో, న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్‌లో, 1928లో పుట్టాడు. పుస్తకం 1963లో అచ్చయింది. మరుసటి ఏడాదే దానికి కాల్డికాట్ పతకం వచ్చింది. అమెరికాలో ఏటా అన్నిటికన్న మంచి బొమ్మల పుస్తకానికి ఇచ్చే పతకం అది.

కథ ఇంతే: మాక్స్ అనే కుర్రవాడు తోడేలు వేషం వేసుకుని ఇంట్లో నానా అల్లరీ చేస్తాడు. తల్లి కోప్పడితే, ఆమెనే తినేస్తానంటాడు. ఆమె వాణ్ణి అన్నం పెట్టకుండా గదిలోకి పంపేస్తుంది. ఆ గదిలో చెట్లు మొలుస్తాయి. గోడలు మాయమై అడవి అవుతుంది. మాక్స్ పడవెక్కి, దాదాపు ఏడాది ప్రయాణం చేసి, మృగాలుండే చోటికి చేరి వాటికి రాజవుతాడు. కొంత సేపటికి ఇల్లు గుర్తొచ్చి బెంగపడి తిరిగి వచ్చేస్తాడు. గదిలో వాడి కోసం భోజనం పెట్టి ఉంటుంది, ఇంకా వేడిగా!

సెండాక్ మొదట మృగాలను కాక గుర్రాలను పెట్టి కథ రాద్దామనుకున్నాడు. తీరా చూస్తే ఆయనకు గుర్రాలు గీయటం చేతకాలేదు! మరి ఏం గీయాలి? చిన్నప్పుడు ఆదివారం నాడు ఇంటికి వచ్చే చుట్టాలు ఆయనకు గుర్తొచ్చారు. వాళ్ళు పెద్ద పళ్ళు బయటపెట్టి నవ్వుతూ, బుగ్గలు గిల్లి, తినేస్తామంటూ మీదికి వచ్చేవారట. ఆ ముఖాలే మృగాల ముఖాలయాయి. మనకు మాత్రం, ముద్దొస్తే కొరుక్కు తినాలనిపిస్తోందనే అత్తయ్యలు లేరా?

ఈ పుస్తకంలో అసలు తమాషా బొమ్మల కొలతల్లో ఉన్నది. మొదటి బొమ్మ చిన్నది. చుట్టూ బోలెడు తెల్ల కాగితం ఉంటుంది. మాక్స్ కోపం పెరిగినకొద్దీ, గదిలో అడవి పెరిగినకొద్దీ, బొమ్మ కూడా పేజీ పేజీకీ పెరుగుతుంది. మొదట ఒక పేజీ అంతా నిండుతుంది. తరవాత పక్క పేజీలోకి పాకుతుంది. మృగాలూ, మాక్సూ కలిసి గంతులు వేసేచోట రెండేసి పేజీలు పూర్తిగా బొమ్మే. అలా మూడుసార్లు పేజీ తిప్పినా ఒక్క అక్షరం కనిపించదు. వాడు ఇంటిదారి పట్టగానే బొమ్మ మళ్ళీ తగ్గుతుంది. చిట్టచివరి పేజీలో బొమ్మే లేదు. భోజనం ఇంకా వేడిగా ఉన్నదనే మాట ఒక్కటే ఉన్నది. ‘వేడి’ అంటే నోరు కాలుతుందేమో, ‘గోరువెచ్చన’ అనరాదా అని ప్రచురణ సంస్థవాళ్ళు అడిగారట. సెండాక్ ఒప్పుకోలేదు.

సినిమా తీసేవాడికి చిక్కు ఇక్కడే వస్తుంది. తెర పెరగదు, తగ్గదు. పేజీ తిప్పేది మీరు కారు. పుస్తకంలో మృగం ముఖం దగ్గర మీ ఇష్టమైనంత సేపు ఆగవచ్చు, భయమేస్తే గబుక్కున పేజీ తిప్పెయ్యవచ్చు. సినిమాలో సెకండుకు 24 బొమ్మలు పరిగెత్తుతాయి. లెక్క కట్టి చూడండి: 101 నిమిషాలకు 1,45,440 బొమ్మలు!

1973లో జీన్ డైచ్ అనే ఆయన ఈ కథను చిన్న కార్టూను సినిమాగా తీశాడు. చిన్న సినిమాకు కథ సరిపోతుంది. పెద్ద సినిమాకు చాలదు. ఇలాంటప్పుడు చాలామంది కొత్త మనిషిని తెచ్చిపెడతారు. ‘జుమాంజీ’ అనే బొమ్మల పుస్తకంలో ఆట ఆడేది అక్కా తమ్ముడూ ఇద్దరే. 1995లో వచ్చిన సినిమాలో, ఆటలో చిక్కుకుపోయి 26 ఏళ్ళకు బయటపడ్డ మనిషిని కల్పించారు.

2009లో వచ్చిన మాక్స్ సినిమాకు డైరెక్టరు స్పైక్ జోన్జ్. ఆయనా, డేవ్ ఎగ్గర్స్ అనే రచయితా కలిసి కథ పెంచారు. సెండాక్ వాళ్ళకు అడ్డు రాలేదు సరికదా, ఇది మీ సొంత సినిమాలాగా తీయండని ప్రోత్సహించాడు. వాళ్ళు వేసుకున్న ప్రశ్న ఒకటే: మాక్స్‌కు అంత కోపం ఎందుకు వచ్చింది? పుస్తకం ఆ సంగతి చెప్పదు. సినిమాలో మాక్స్ మంచుతో గూడు కట్టుకుంటాడు. అక్క స్నేహితులు ఆటల్లో దాన్ని కూలగొడతారు. వాళ్ళను అక్క ఒక్క మాటా అనదు. ఆ గూటిలోంచి మాక్స్ ఏడుస్తూ బయటికి రావటం చూస్తే, ఆ కోపం మనకు చక్కగా అర్థమవుతుంది.

మృగాలకు పేర్లూ, అలకలూ, తగాదాలూ కూడా పెట్టారు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో షూటింగు జరిగింది. మనిషిని మించిన పెద్ద పెద్ద వేషాలు కుట్టి, వాటిలో నటులను దూర్చారు. యంత్రాలతో కదిలే తలలు మరీ బరువైపోవటంతో, ఆ యంత్రాలు తీసేసి, ముఖాల్లో కదలికను తరవాత కంప్యూటరుతో చేర్చారు. గొంతులిచ్చిన నటులు ముందుగానే ఒకచోట చేరి, గెంతుతూ, తోసుకుంటూ మాటలు రికార్డు చేశారు.

ఒక్క మార్పు మాత్రం నాకు నచ్చలేదు. సినిమాలో గది అడవి కాదు. మాక్స్ వీధిలోకి పారిపోయి పడవెక్కుతాడు. మంచం కోళ్ళు చెట్లుగా మారటమే కదా ఈ కథకు ప్రాణం!

పిల్లలు జడుసుకుంటారనే మాట పుస్తకానికీ తప్పలేదు, సినిమాకూ తప్పలేదు. తల్లే అన్నం లేకుండా పంపేస్తే బిడ్డకు ఎంత భయమో రచయితకు తెలియలేదని, 1969లో బ్రూనో బెటెల్‌హైమ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు విమర్శించాడు. సినిమా విషయంలో స్టూడియో వారు కూడా ఇలాగే సందేహించారు. 2008లో రావలసిన సినిమా ఏడాది ఆలస్యంగా వచ్చింది. మరీ చిన్న పిల్లలకు అది దిగులుగా ఉండే మాట నిజమే. తల్లిదండ్రులు పక్కన కూర్చోవటం మంచిది.

పుస్తకంలో తల్లి బొమ్మ ఒక్కటి కూడా లేదు. సినిమాలో ఆవిడ చివర మాక్స్ ఎదుట కూర్చుని, వాడు తింటుంటే చూస్తూ చూస్తూ, అలసిపోయి అలాగే కునుకు తీస్తుంది.

మీ ఇంట్లో ఉన్న బొమ్మల పుస్తకం ఒకటి తీసి, మాటలు లెక్కపెట్టండి. దాన్ని సినిమా తీయాలంటే ఏ రెండు పేజీల మధ్య ఏం చేర్చాలో కాగితం మీద రాసి, ఇంట్లో వాళ్ళకు చదివి వినిపించండి.