రెండో గట్టు సైకిళ్లకిద్దాం
జర్మనీలోని పాసావు నుంచి వియన్నా దాకా డాన్యూబ్ నది వెంట 300 కిలోమీటర్లకు పైగా సైకిల్ దారి ఉంది. ఒకప్పుడు గుర్రాలు ఎదురు ప్రవాహంలో పడవలను లాగుతూ నడిచిన గట్టే చాలాచోట్ల నేడు ఆ దారి అయింది. అలాంటి గట్లు మనకూ ఉన్నాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా కాలువలు సాగుకే కాదు, పడవల రాకపోకలకూ పనికొచ్చాయి. మనుషులే గట్టు మీద నడుస్తూ తాళ్లతో పడవలు లాగేవారు. ఇప్పుడు చాలా కాలువలకు ఒక గట్టు మీద బస్సులు తిరుగుతున్నాయి, రెండోది మట్టిబాటగానే మిగిలింది. ఆ రెండో గట్టును సైకిళ్లకు ఇవ్వాలి. ఎత్తుపల్లాలు లేని దారి, ఒక పక్క నీళ్లు, మరో పక్క వరిచేలు, కొబ్బరితోటలు. లాకుల దగ్గర ఆగితే తలుపుల సందుల్లోంచి దూకే నీటి తుంపర ముఖాన పడుతుంది. విశాఖ-భీమిలి బీచ్ రోడ్డు, అనంతగిరి మీదుగా అరకు వెళ్లే ఘాట్ రోడ్డు అందమైనవే. కానీ బీచ్ రోడ్డు మీది కార్ల జోరు, ఘాట్ రోడ్డులోని ఎత్తైన మలుపులు కొత్తవాళ్లను భయపెడతాయి. పిల్లలూ పెద్దలూ నిశ్చింతగా తొక్కగలిగేది కాలువ గట్టు మీదే. గుంతలు పూడ్చి గ్రావెల్ పరవాలి, లారీలు దూరకుండా రాళ్లు పాతాలి, చెత్త పోయడం ఆపించాలి, ఊరి పేరు, దూరం తెలిపే బోర్డులు పెట్టాలి. పర్యాటకమంటే రిసార్టులొక్కటే కాదు. సైకిల్ మీద వచ్చినవారు ఊరూరా ఆగుతారు. వారి డబ్బు టీ బడ్డీకి, టిఫిన్ సెంటర్‌కు, పంక్చర్ షాపుకు నేరుగా చేరుతుంది. జలవనరుల శాఖ, పంచాయతీలు కలిసి ముందుగా ఒక్క కాలువతోనైనా ఈ పని మొదలుపెట్టాలి.