ఎండలో బావ ఫోను

మా బావ హైదరాబాద్‌లో క్యాబ్ నడుపుతాడు. రెండేళ్ల కిందట ఆయనకి ఫోన్ ఎంచిపెట్టింది నేనే. "ఓఎల్ఈడీ తీసుకో బావా, నలుపు ఉన్నచోట కరెంటే తినదు" అని ఇంజినీరు హోదాలో చెప్పాను. మొన్న ఆ ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. తెల్లటి పేజీ తెరిస్తే, మ్యాప్ అడుగున ఉండే పట్టీ ఆకారం పసుపు మచ్చలా కనిపిస్తోంది. డిస్‌ప్లే మార్చడానికి షాపులో చెప్పిన రేటు ఆయన నాలుగు రోజుల సంపాదన. "ఏం బామ్మర్దీ, నువ్వు చెప్పిన ఫోనే గదా" అన్నాడు, నవ్వుతూనే.

నేను చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే ఆ ఫోన్ ఉండేది డ్యాష్‌బోర్డు మీద. ఎదురుగా ఎండ, బ్రైట్‌నెస్ చివరిదాకా, పగలంతా తెల్లటి మ్యాప్. ఇంక నలుపు ఎక్కడిది?

1987లో కొడాక్‌లో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ చూపించిన డయోడ్‌లోనూ, ఈ ఫోన్‌లోనూ జరిగేది ఒకటే. ఒకవైపు నుంచి ఎలక్ట్రాన్, రెండోవైపు నుంచి హోల్, అంటే ఎలక్ట్రాన్ లేని ఖాళీ, వచ్చి కలుస్తాయి. ఆ జత ఎక్సిటాన్. తన శక్తిని వెలుగుగా వదిలేసి మాయమవుతుంది. నాలుగింట మూడు జతలు ట్రిప్లెట్ రకం. మామూలు పదార్థంలో అవి దాదాపు దండగే. ఇరిడియం లాంటి బరువైన లోహమున్న అణువుల్ని కలిపితే అవీ వెలుగుతాయి. ఫోన్లలో ఎరుపు, ఆకుపచ్చ ఇలాగే వస్తాయి.

చిక్కల్లా, ఈ ట్రిప్లెట్లు నిదానస్తులు. మామూలు జత నానోసెకన్లలో పని ముగిస్తే, వీటికి మైక్రోసెకన్లు కావాలి. కరెంటు తక్కువైతే ఫర్వాలేదు. పెంచామా, పొర లోపల తిరునాళ్ల రద్దీ. ముందొచ్చిన జత వెళ్లకముందే ఇంకోటి వచ్చి గుద్దుకుంటుంది. ఒకటి తన శక్తి రెండోదానికిచ్చి ఆరిపోతుంది, ఆ అదనం వేడిగా పోతుంది. జత దొరకని ఎలక్ట్రాన్లు తగిలినా అంతే. కరెంటు రెట్టింపు చేసినా వెలుగు రెట్టింపు కాదు. దీన్నే ఎఫిషియెన్సీ రోల్-ఆఫ్ అంటారు. తగ్గిన వెలుగు కోసం ఇంకా కరెంటు, దాంతో ఇంకా వేడి.

నీలానిది వేరే బాధ. దాని శక్తి ఎక్కువ, అణువులు త్వరగా పాడవుతాయి. అందుకే ఫోన్లలో నీలానికి చాలావరకు పాత ఫ్లోరసెంట్ పదార్థమే. అయినా ముందు అరిగేది అదే. నీలం తగ్గిన తెలుపు పసుపే కదా, మచ్చ రంగు అదీ సంగతి.

2024 ఐప్యాడ్ ప్రోలో వెలుగు పొరలు రెండు, ఒకదానిమీద ఒకటి. అదే వెలుగుకి సగం కరెంటు చాలు. వోల్టేజీ మాత్రం దాదాపు రెట్టింపు కావాలి కాబట్టి కరెంటు బిల్లు సగమవుతుందనుకోవద్దు. మిగిలేది ఆయుష్షు. మా బావకి ఆ ధర చెప్పలేదు.

మా ఇంట్లో మూలపడున్న పాత ఎల్‌సీడీ ఫోన్ ఇచ్చాను. దాని వెలుగు వెనకున్న మామూలు ఎల్ఈడీలది, అలాంటి మచ్చ పడదు. ఇప్పుడు డ్యాష్‌బోర్డు మీద అదుంది. కొత్తదాన్లో రాత్రిళ్లు మా మేనకోడలు బొమ్మలు చూస్తోంది. "మామా, ఏనుగు కాళ్ల దగ్గర పచ్చగా ఏంటిది?" అనడిగింది నిన్న.