మెయింటెనెన్స్ వాళ్ళకు వేరే సంఘమా?



మెయింటెనెన్స్ విభాగం నుంచి యూనియన్ ఆఫీసుకు ఒక ఉత్తరం వచ్చింది. ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, ఒక టర్నరు, బాయిలర్ అటెండెంటు సంతకాలు పెట్టారు. మా బాధలు మీకు పట్టడం లేదు, చేతిపని తెలిసిన వాళ్ళం మేము వేరే సంఘం పెట్టుకోదలిచాం, మర్యాదగా ముందు మీకు తెలియజేస్తున్నాం అని దాని సారాంశం. కమిటీలో కొందరికి కోపం వచ్చింది. చీలికవాదులన్నారు. దీని వెనుక యాజమాన్యం ఉందన్నారు. మేమట్లా అనుకోవడం లేదు. ఉత్తరం రెండుసార్లు చదివాం. అందులో రాసినది ముప్పాతిక భాగం నిజం.

ఏమిటా నిజం? రెండేళ్ళు ఐ.టి.ఐ. చదివి, ఆపైన అప్రెంటిస్ చేసి వచ్చిన కుర్రవాడిని సెమీ స్కిల్డ్ గ్రేడులో వేస్తున్నారు. స్కిల్డ్ గ్రేడుకు ఎక్కడానికి ఏళ్ళు పడుతోంది. అర్ధరాత్రి కంప్రెసర్ ఆగితే ఫోను చేసి పిలుస్తారు. తెల్లవారేదాకా పని చేయిస్తారు. ఓవర్ టైము అడిగితే ఒకరోజు సెలవు తీసుకొమ్మంటారు. ఆ సెలవు ఎప్పుడు ఇస్తారో వాళ్ళ ఇష్టం. ఉగాదికి, సంక్రాంతికి మిల్లు ఆగితే మనమంతా అనంతపురం, హిందూపురం, మదనపల్లి బస్సులు ఎక్కుతాం. గేర్ బాక్సులు విప్పి కడగవలసిన పని ఆ రెండు రోజుల్లోనే పడుతుంది గనుక ఫిట్టరు బెంగుళూరులోనే ఉంటాడు.

ఇక జీతం మాట. ఒప్పందం జరిగిన ప్రతిసారీ అందరికీ ఒకే మొత్తం పెంచాలని పట్టుబట్టింది మనమే. డాఫరుకు ఎంతో ఫిట్టరుకూ అంతే. తక్కువ జీతం వాళ్ళకు అది న్యాయం, దానికి మేము ఇప్పుడూ సిగ్గుపడటం లేదు. కాని ఒకదాని మీద ఒకటిగా మూడు నాలుగు ఒప్పందాలు ఇదే పద్ధతిలో నడిచేసరికి, ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న ఫిట్టరుకూ కొత్తగా వచ్చినవాడికీ నడుమ తేడా కరిగిపోయింది. పనితనానికి విలువ కట్టండని వాళ్ళు అడిగితే, ముందు అందరికీ రానీయండి, మీ సంగతి తరువాత చూద్దాం అన్నాం. ఆ తరువాత అనేది రాలేదు.

ఇంకొక తప్పు కూడా ఉంది. ఉత్తరం చదివేదాకా అది మాకు తట్టలేదంటే ఎంత అజాగ్రత్తో చూడండి. మన జనరల్ బాడీ ఎప్పుడూ వారపు సెలవు రోజునే పెడుతున్నాం. వారపు సెలవు రోజున మెయింటెనెన్స్ వాళ్ళకు పని. మిల్లు ఆగిన రోజే కదా వాళ్ళు యంత్రం విప్పేది. అంటే ఇన్నేళ్ళుగా వాళ్ళు లేని సభలో వాళ్ళ మీద తీర్మానాలు చేస్తున్నాం. చందా మాత్రం నెలనెలా తీసుకుంటున్నాం.

ఇంత ఒప్పుకున్నాక, వేరే సంఘం పెట్టుకోండి అని ఎందుకు అనలేకపోతున్నామో చెప్పాలి.

1990 దశకంలో మేము డాఫర్లుగా చేరిన ఒక మిల్లు కథ ఇది. పేరు అనవసరం, ఆ మిల్లు ఇప్పుడు లేదు. అక్కడ ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు ముప్పై మందికి పైగా వేరే సంఘం పెట్టుకున్నారు. మన పెద్ద యూనియన్‌తో మాట్లాడటానికి నెలల తరబడి తిప్పించుకున్న యాజమాన్యం, వాళ్ళను వారం తిరగకుండా పిలిచి కుర్చీలు వేసింది. మాకు అప్పుడు అసూయ కలిగిన మాట నిజం. తరువాత గ్రేడు కోసం వాళ్ళు సమ్మె కట్టారు. యాజమాన్యం ఒక కాంట్రాక్టరును పట్టుకుని బయటి మనుషులను దించింది. చిన్న చిన్న రిపేర్లు జాబర్ల చేత చేయించింది. మేము పనిలోనే ఉన్నాం. ఫ్రేములు సరిగ్గా నడవక ఇన్సెంటివ్ పోతోందని వాళ్ళమీదే విసుక్కున్నాం. మూడు వారాలకు ఉత్త చేతులతో వాళ్ళు గేటు లోపలికి వచ్చారు. మమ్మల్ని చూసి తల తిప్పుకున్నారు.

రెండేళ్ళకు మా వంతు వచ్చింది. సైడర్లకు ఇంకా ఎక్కువ ఫ్రేములు అప్పగిస్తామన్నారు. స్పిన్నింగు ఆపాం. అది ప్రొడక్షన్ వాళ్ళ గొడవ, మాకు సంబంధం లేదని ఫిట్టర్లు కంప్రెసర్లు నడిపారు. వాళ్ళను తప్పు పట్టడానికి మాకు నోరెక్కడిది? మేమూ ఓడిపోయాం. చివరకు మిల్లు మూశారు. గ్రాట్యుటీ కోసం లేబర్ ఆఫీసు వరండాలో ఒకే బల్లమీద కూర్చున్నాం, ఆ ఫిట్టర్లూ మేమూ. ఒకరి క్యారియర్‌లో ఒకరం అన్నం తిన్నాం. అప్పటికి మాటలు కలిశాయి.

మా అనుభవం ఒక్కటే చూపి వాదించడం సరికాదు. ఎదుటి పక్షానికీ ఒక మంచి ఉదాహరణ ఉంది. రైలు ఇంజన్ డ్రైవర్లు, ఫైర్‌మెన్లు 1970లో లోకో రన్నింగ్ స్టాఫ్ పేరున వేరే సంఘం కట్టుకున్నారు. 1973 ఆగస్టులో సమ్మె చేసి, పది గంటలకు మించి డ్యూటీ ఉండకూడదని ప్రభుత్వం చేత ఒప్పించారు. పెద్ద యూనియన్లు ఏళ్ళ తరబడి సాధించలేనిది అది. గుంతకల్లు వైపు రైల్వే కుటుంబాల్లో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. కాని వాళ్ళు దేశమంతటా వేల సంఖ్యలో ఉన్నారు. ఇంజన్ నడపడానికి వాళ్ళకు బదులు మనిషి దొరకడు. మన మిల్లులో ఫిట్టరుకు బదులు దొరుకుతాడు. సర్వీసు కాంట్రాక్టు రాసుకుంటే మెషీన్ కంపెనీ మనుషులు కోయంబత్తూరు నుంచి మర్నాటికి దిగుతారు. పైగా మరుసటి ఏడు, 1974 మేలో, రైల్వే కార్మికులందరూ కలిసి ఇరవై రోజులు సమ్మె చేసినప్పుడు లోకో వాళ్ళు కూడా అందరితోపాటే నిలబడ్డారు. వేరుగా గెలిచిన వాళ్ళకూ కలవవలసిన రోజు వచ్చింది.

ఇంగ్లండులో లాంకషైరు మిల్లులున్న రోజుల్లో మ్యూల్ స్పిన్నర్ల సంఘమంటే యజమానులకు హడలు. దారం అతికే పీసర్లను మాత్రం ఆ స్పిన్నర్లు తమతో సమానంగా చూడలేదు. రింగు ఫ్రేములు వచ్చాయి, వాటిమీద ఆడవాళ్ళు పనిలోకి వచ్చారు. మ్యూళ్ళు పోయాయి, వాటితో ఆ సంఘం బలమూ పోయింది. ఇవాళ మన ఎలక్ట్రీషియన్ల ముందుకు వస్తున్న కొత్త మెషీన్లలో సగం కార్డులు, సెన్సార్లు. వాటిని విప్పే హక్కు కంపెనీ ఇంజనీరుదే అంటున్నారు. ఏ పనితనాన్ని నమ్ముకుని వేరు పడదామనుకుంటున్నారో, ఆ పనితనాన్నే యాజమాన్యం మిల్లు బయటికి పంపే ప్రయత్నంలో ఉంది.

ఇక చట్టం. ఇది అందరూ జాగ్రత్తగా వినవలసిన సంగతి. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. సంఘం రిజిస్టరు చేయించడానికి మిల్లు కార్మికుల్లో పదో వంతో, వందమందో, ఏది తక్కువైతే అంతమంది సభ్యులు కావాలి. ఏడుగురికి తగ్గకూడదు. కాబట్టి మెయింటెనెన్స్ వాళ్ళు తల్చుకుంటే రిజిస్ట్రేషన్ దొరకవచ్చు. కాని ఒప్పందం మీద సంతకం పెట్టడం వేరే విషయం. ఒకటికి మించి సంఘాలున్న చోట, మస్టరులో ఉన్నవాళ్ళలో నూటికి 51 మంది మద్దతున్న సంఘమే యాజమాన్యంతో మాట్లాడుతుంది. అంత బలం ఎవరికీ లేకపోతే చర్చల మండలి ఏర్పడుతుంది, అందులో కూర్చోవడానికి కనీసం నూటికి 20 మంది మద్దతు ఉండాలి. మన మిల్లుల్లో మెయింటెనెన్స్ వాళ్ళు వందకు పది, పదిహేను మందికి మించరు. అందరూ ఒక్కటిగా వేరు పడినా బల్ల దగ్గర కుర్చీ రాదు. వాళ్ళు వెళ్ళిపోవడంతో మనకు 51 తగ్గితే మనకూ పూర్తి అధికారం ఉండదు. ఎవరికి లాభమో విడమరచి చెప్పనక్కరలేదు. సమ్మెకు పద్నాలుగు రోజుల ముందు నోటీసు ఇప్పుడు ప్రతి పరిశ్రమలోనూ తప్పనిసరి. ముప్పై మంది నోటీసు ఇస్తే, ముప్పై మందిని వెతుక్కోవడానికి యాజమాన్యానికి పద్నాలుగు రోజుల గడువు ఇచ్చినట్టు.

అన్నింటికన్నా ముందు పని సంగతి చూడండి. రింగు ఫ్రేము ఖాతాలో గాలిలో తేమ 55 నుంచి 60 శాతం దాకా ఉండాలి. హ్యూమిడిఫికేషన్ ప్లాంటు మొరాయిస్తే దారం తెగుతుంది. తెగిన ప్రతి దారం వెనుక ఒక సైడరమ్మ పరుగు ఉంటుంది. ఫిట్టరుకు తగినంత మంది సహాయకులను ఇవ్వకపోతే ఆ భారం చివరకు ఆమె కాళ్ళమీద పడుతుంది. మెయింటెనెన్స్‌లో ఖాళీలు నింపమనే డిమాండు స్పిన్నింగు ఆడవాళ్ళ డిమాండు కూడా. ఈ మాట మనం ఎప్పుడో అని ఉండవలసింది.

మరి దారి ఏమిటి? 1920లో అహ్మదాబాదులో మజూర్ మహాజన్ ఏర్పడినప్పుడు స్పిన్నింగు వాళ్ళకు, మగ్గాల వాళ్ళకు, ఇంజను డ్రైవర్లు, ఆయిల్‌మన్‌లు, ఫైర్‌మెన్లకు ఎవరి సంఘం వారికి ఉంచి, అందరినీ ఒకే గొడుగు కిందికి తెచ్చారు. జస్టిస్ గజేంద్రగడ్కర్ నాయకత్వంలోని జాతీయ కార్మిక కమిషన్ 1969లో ఇచ్చిన నివేదికలో, ఒక్కొక్క పనికి ఒక్కొక్క సంఘం వద్దంది. అక్కడితో ఆగలేదు. ముఖ్యమైన పనుల వారికి పరిశ్రమ సంఘంలోనే ఉపసంఘాలు ఉండాలని కూడా చెప్పింది. మన నాయకులు మొదటి సగం మాత్రమే జ్ఞాపకం పెట్టుకున్నారు, మేము కూడా వారిలో ఉన్నాం. అమెరికాలో మోటారు కార్ల కార్మికుల సంఘానికి 1950లలో ఇదే తగవు వచ్చింది. నిపుణ పనివాళ్ళు కొందరు విడిపోయారు కూడా. తమ పనికి మాత్రమే చెందిన విషయాల మీద వేరుగా ఓటు వేసుకునే హక్కు ఇచ్చి మిగిలిన వాళ్ళను ఆ సంఘం నిలబెట్టుకుంది.

మేము జనరల్ బాడీ ముందు పెట్టబోయేది అటువంటిదే. మెయింటెనెన్స్ ఉపసంఘాన్ని మెయింటెనెన్స్ వాళ్ళే ఎన్నుకుంటారు, కమిటీ పేర్లు చెప్పదు. వచ్చే డిమాండ్ల పత్రంలో గ్రేడులు, రాత్రి పిలుపుల భత్యం, పండుగ రోజుల పని, పనిముట్లు, ఖాళీల మీద ఒక ప్రత్యేక భాగం ఉంటుంది, దాన్ని వాళ్ళే రాస్తారు. చర్చల్లో వాళ్ళ మనుషులు ఇద్దరు కూర్చుంటారు. ఆ భాగాన్ని వాళ్ళు ఓటు వేసి ఒప్పుకోనిదే సెక్రటరీ సంతకం పెట్టడు. ఈ చివరి మాట కమిటీలో కొందరికి రుచించలేదు. పదిహేను మంది అడ్డం పడితే ఎనభై అయిదు మంది ఒప్పందం ఆగాలా అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. వాళ్ళ భాగం ఒక్కటే ఆగుతుంది, మిగతా ఒప్పందం ముందుకు పోతుందని మా సమాధానం. ఆ భాగం కోసం అవసరమైతే అన్ని ఖాతాలూ కలిసి కొట్లాడాలి. దానికి బదులుగా మెయింటెనెన్స్ వాళ్ళ నుంచి మేము కోరేది ఒకటే: జనరల్ బాడీ తీర్మానం లేకుండా ఒంటరిగా సమ్మెకు దిగకూడదు, స్పిన్నింగు ఆగిన రోజు కంప్రెసరు కూడా ఆగాలి.

ఇంతా విన్నాక కూడా వేరు పడతామంటే వాళ్ళను ద్రోహులని గోడలమీద రాయం. ఎవరు రాసినా చెరిపిస్తాం.

సంఘం నియమావళి మార్చవలసి ఉంది గనుక జనరల్ బాడీ తప్పదు. ఈసారి వారపు సెలవు రోజున పెట్టడం లేదు. మామూలు పని రోజున షిఫ్టు మారే వేళలు చూసుకుని ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి జరుగుతుంది. రెండింటిలో దేనికి వచ్చినా ఓటు ఉంటుంది. తేదీ గేటు దగ్గర నోటీసు బోర్డులో చూడండి. ఉత్తరం రాసిన సోదరులు తమ డిమాండ్ల చిత్తుప్రతిని అంతకు ముందే ఆఫీసులో ఇస్తే, అందరికీ పంచడానికి కాపీలు తీయిస్తాం.