రసీదులో ఒక వరుస: ఆటల ఫీజు

పోయిన నెల పాత ఇంట్లో అటక సర్దుతుంటే ఒక రేకు పెట్టె దొరికింది. తాతయ్య గారి భూమి కాగితాలేమో అని దుమ్ము దులిపి తీశాం. భూమి కాగితాలు లేవు గానీ, మా అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ కాలేజీ ఫీజు రసీదులు ఒక కట్ట ఉంది. నాయనమ్మ ఏ కాగితమూ పారేయనిచ్చేది కాదు కదా. రసీదులన్నీ కన్నడంలోనే. ప్రవేశ శుల్క, గ్రంథాలయ శుల్క, ప్రయోగాలయ శుల్క, వాటి కింద క్రీడా శుల్క. అంటే ఆటల ఫీజు.

ఆరుగురం డిగ్రీ చదివాం. తలకి మూడేళ్ళు. పద్దెనిమిది రసీదుల్లోనూ ఆ వరుస ఉంది. మేం ఆరుగురం మూడు వేర్వేరు కాలేజీల్లో చదివినా, ఆ డబ్బుతో ఏం చేశారని చెప్పిన కాగితం ఒక్కటీ ఆ పెట్టెలో లేదు. మేమూ అడగలేదు. ఈసారి ఈ పేజీలో తాతల ముచ్చట్లు పక్కన పెట్టి ఈ సంగతి రాయాలనిపించింది.

మా ఇంటి కథ మీలో చాలామందికి తెలుసు. తుంగభద్ర డ్యామ్ 1953లో పూర్తయి కాలువ నీళ్ళు వచ్చాక, గుంటూరు వైపు నుంచి సిరుగుప్ప తాలూకాకి వచ్చి క్యాంపు వేసుకున్న కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ మీడియం. తెలుగు చదవడం నాయనమ్మ దగ్గర పాత క్యాలెండర్ల మీద నేర్చుకున్నాం. అందుకే మా రాతలో కన్నడం వాసన వస్తే ఏమీ అనుకోకండి.

మా బాబాయి కూతురు, మాకు చెల్లెలు, పరుగు బాగా తీసేది. పదిహేను వందల మీటర్లు ఆమె పోటీ. మైదానం లేదు, కాలువ గట్టే ట్రాక్. పొద్దున్నే బాబాయి మోటారు చూడ్డానికి పోతుంటే ఆమె వెనకాలే పరుగెత్తేది. 2009లో కాలేజీ తరఫున ఇంటర్ కాలేజియేట్ పోటీలకి ఎంపికయింది. అప్పటికి బళ్ళారి కాలేజీలన్నీ గుల్బర్గా యూనివర్సిటీ కింద ఉండేవి. పోటీ గుల్బర్గాలో, ఒక రాత్రంతా బస్సు ప్రయాణం. కాలేజీ వాళ్ళు "ముందు మీరు పెట్టుకోండి, బిల్లులు ఇస్తే తర్వాత ఇస్తాం" అన్నారు. తోడు వెళ్ళిన పిన్ని టికెట్టుతో కలిపి పద్దెనిమిది వందలయింది. పిల్ల రెండో స్థానంలో వచ్చింది. పిన్ని టికెట్టు తీసేసి, మిగతా బిల్లులు ఇచ్చాం. ఆఫీసులో "గ్రాంటు రాలేదు" అన్నారు, ఆ తర్వాత "సార్ సంతకం కాలేదు" అన్నారు, ఆఖరికి "ఆ ఏడాది లెక్క మూసేశాం" అన్నారు. డబ్బు రాలేదు. మరుసటి ఏడు మళ్ళీ ఎంపికయితే బాబాయి వద్దన్నాడు. "ఆటలు అన్నం పెడతాయా అమ్మా" అన్నాడు. అంతటితో అయిపోయింది.

చాలా ఏళ్ళు మేం ఆ కాలేజీనే తిట్టుకున్నాం. రసీదుల పెట్టెలోనే ఇంకో కాగితం కనబడి నోరు మూతపడింది. అదే ఏడాది క్యాంపులో శ్రీరామనవమి పందిరికి మా ఇంటి చందా అయిదు వేలు. పందిరికి ఇచ్చింది తప్పని మేం అనం. కానీ ఆ ఇంట్లోనే, ఆ ఏడాదే, పద్దెనిమిది వందల దగ్గర ఒక పిల్ల పరుగు ఆగిపోయింది. కాలేజీ లెక్క చెప్పలేదు నిజమే. మన లెక్క కూడా ఏమంత బాగా లేదు.

చెల్లెలు ఇప్పుడు హొసపేటలో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటోంది, బాగానే ఉంది. ఆ సంగతి ఎత్తితే నవ్వేస్తుంది. ఆమె కూతురు ఇప్పుడు ఏడో తరగతి, ఖోఖో ఆడుతోంది. మేం రాసేది ఆ పిల్ల కోసం, అలాంటి పిల్లల కోసం.

కాలేజీ ఆటలకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ముందు చూద్దాం. మామూలు డిగ్రీ కాలేజీలో మొదటి ఆధారం విద్యార్థులు కట్టే ఈ ఫీజే. అందులో కొంత యూనివర్సిటీకి పోతుంది, టోర్నమెంట్లు అక్కడి నుంచి నడవాలి కాబట్టి. మిగిలింది కాలేజీలో ఉంటుంది. ఒక ఊహా లెక్క వేద్దాం. కాలేజీలో పన్నెండు వందల మంది, తలకి నూట యాభై. మొత్తం 1,80,000. యూనివర్సిటీకి మూడో వంతు పోయిందనుకుంటే మిగిలేది 1,20,000. ఒక కబడ్డీ జట్టు, పన్నెండు మంది పిల్లలు, ఒక మేనేజర్. ప్రయాణం, భోజనం, రెండు రాత్రుల బస, తలకి పదిహేను వందలు పెట్టినా 19,500. ఇలాంటి జట్లు ఆరు వెళ్తే 1,17,000. ఇంక బంతికీ, నెట్టుకీ, జెర్సీకీ మూడు వేలు మిగులుతాయి.

కాబట్టి "డబ్బు చాలదు" అని పీడీ సార్లు చెప్పే మాట అబద్ధమని మేం అనడం లేదు. వాళ్ళ కష్టం కూడా చూశాం. మైదానంలో గీతలు గీయడం నుంచి పరీక్షల డ్యూటీ దాకా ఒక్కరే. అడ్వాన్సు కోసం క్లర్కు దగ్గరికి, సంతకం కోసం ప్రిన్సిపాల్ దగ్గరికి తిరగాలి. చివరికి చాలాసార్లు సొంత జేబులోంచి పిల్లలకి ఇడ్లీలు పెట్టించేదీ ఆయనే. కానీ చాలదన్నది నిజమా, లేక ఉన్న డబ్బు పిల్లల దాకా రావడం లేదా, ఈ రెండిట్లో ఏదో లెక్క చూస్తే గానీ తెలీదు.

మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. మా పనిలో మొదటి పాఠం ఒకటుంది. ఏం జరగాలో ఒక పక్కన రాయాలి, ఏం జరిగిందో ఇంకో పక్కన రాయాలి. రెండూ పక్కపక్కన లేకపోతే తప్పు ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు, అందరూ ఒకరినొకరు అనుకోవడమే. ఆటల ఫీజు విషయంలో ఫీజు వసూలు రసీదులో ఉంది. ఖర్చు మాత్రం ఎక్కడుందో తెలీదు. కాలేజీలు న్యాక్ కోసం ఏటా పంపే నివేదికలో పతకాలు ఎన్ని వచ్చాయి, విద్యార్థులు ఎన్ని పోటీల్లో పాల్గొన్నారు అనే అంకెలుంటాయి. చాలా కాలేజీలు దాన్ని వెబ్‌సైటులో పెడతాయి కూడా. కానీ పతకం తెచ్చిన పిల్ల బస్సు టికెట్టు ఎవరు కొన్నారన్నది ఆ నివేదికలో మేం ఎంత వెతికినా దొరకలేదు.

ఇది మన దగ్గర ఎవరూ చేయలేని పని కాదు. అమెరికాలో 1994లో ఒక చట్టం తెచ్చారు. ప్రభుత్వ సాయంతో పిల్లలు చదివే కాలేజీ బయటి కాలేజీలతో ఆటల పోటీలు ఆడుతుంటే, ఆటల మీద వచ్చింది ఎంత, ఖర్చు ఎంత, అందులో మగపిల్లల జట్లకెంత, ఆడపిల్లల జట్లకెంత అని ఏటా బయట పెట్టాలి. పెద్ద యూనివర్సిటీలకే కాదు, రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీలకీ ఇదే చట్టం. మన చుట్టాల పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో చదువుతుంటే, వాళ్ళ కాలేజీ ఆటల లెక్క మనం ఇక్కడ కూర్చుని చూడొచ్చు. బళ్ళారిలో మన పిల్ల కాలేజీ లెక్క చూడలేం. ఇదెక్కడి న్యాయం?

ఇంకో మాట. మా జిల్లాకి డబ్బు లేదని ఎవరైనా అంటే ఇక్కడ చిన్నపిల్లలు కూడా నమ్మరు. ఇనుప ఖనిజం లారీల ఎర్రదుమ్ము తిని పెరిగినవాళ్ళం. 2015లో చట్టం మార్చాక గని నడిపేవాళ్ళు రాయల్టీ మీద అదనంగా జిల్లా ఖనిజ నిధికి కట్టాలి. పాత లీజులైతే రాయల్టీలో 30 శాతం, వేలంలో తీసుకున్న కొత్తవైతే 10 శాతం. ఆ నిధిని గనుల వల్ల నష్టపోయిన ఊళ్ళ కోసం వాడాలి, ముందుగా వాడాల్సిన వాటిలో చదువు ఒకటి. కంపెనీలు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద పెట్టాలన్న 2013 చట్టంలోనూ ఆటల శిక్షణ ఉంది. మా ఊరికి దగ్గర్లోనే తోరణగల్లు దగ్గర విజయనగర్‌లో 2018లో ఇన్‌స్పైర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ వచ్చింది. నీరజ్ చోప్రా లాంటివాళ్ళు అక్కడ సాధన చేశారంటే మాకూ గర్వమే. కానీ అది దేశం మొత్తం మీద ఏరిన పిల్లల చోటు, శిఖరం. మా చెల్లెలి లాంటిది కాలువ గట్టు నుంచి ఆ శిఖరం చూడాల్సిందే. మధ్యలో మెట్టు ఒకటుండాలి, ఆ మెట్టు కాలేజీ.

సరిహద్దు అవతల అనంతపురంలో ఆ మెట్టు కొంత కట్టారు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్‌డీటీ వాళ్ళ మైదానాల్లో పల్లెటూరి పిల్లలు హాకీ, ఫుట్‌బాల్ ఆడతారు. 2010లో నాదల్ ఫౌండేషన్ అక్కడే టెన్నిస్ బడి పెట్టింది. 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు కూడా అక్కడ జరిగాయి. అది దాతల డబ్బు, మంచిదే. కానీ కాలేజీ ఆటలకి ఎవరి దయా అక్కర్లేదు. పిల్లలు ముందే డబ్బు కట్టారు.

మన లాంటి సరిహద్దు వాళ్ళకి కాలేజీ ఆటలు ఇంకా ముఖ్యం. 1953లో జిల్లాని చీల్చినప్పుడు ఆలూరు, ఆదోని, రాయదుర్గం ఆంధ్రకి పోయాయి, మిగతాది మైసూరులో కలిసింది. అయినా ఆ పక్క పిల్లలు ఈనాటికీ బళ్ళారికి చదువుకి వస్తారు. యూనివర్సిటీ పోటీల్లో ప్రధానంగా చూసేది వయసు, రెగ్యులర్ విద్యార్థా కాదా అన్నదే. నీ ఊరు ఏ రాష్ట్రం, ఇంట్లో ఏ భాష అని అడిగేవాళ్ళుండరు. పైగా 2010లో బళ్ళారిలోనే విజయనగర శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ వచ్చింది కాబట్టి ఇప్పుడు ఇంటర్ కాలేజియేట్‌కి గుల్బర్గా దాకా పోవాల్సిన పని లేదు. దారి తగ్గింది. మరి ఖర్చు తగ్గిందా? అదీ లెక్క చూస్తేనే తెలిసేది.

మేం అడిగేది పెద్దదేం కాదు. ప్రతి కాలేజీ ఏడాదికి ఒక్క కాగితం నోటీసు బోర్డు మీద అంటించాలి. ఆటల ఫీజు ఎంత వచ్చింది, యూనివర్సిటీకి ఎంత పోయింది, ప్రయాణానికి ఎంత, సామానుకి ఎంత, మగపిల్లలకెంత, ఆడపిల్లలకెంత, ఎంత మిగిలింది. టీఏ డీఏ పిల్లలకి బస్సెక్కకముందే చేతికివ్వాలి, బిల్లులు తర్వాత తెమ్మనాలి. ఖనిజ నిధి నుంచి ఇవ్వాలనుకుంటే కొత్త స్టేడియం కాదు, ఉన్న మైదానానికి నీళ్ళు పట్టే మనిషి జీతం ఇవ్వాలి. మన దగ్గర కట్టడానికి ఎప్పుడూ డబ్బుంటుంది, శిలాఫలకం ఉంటుంది కాబట్టి. ఊడ్చడానికి ఉండదు.

అడిగినా చెప్పకపోతే? ప్రభుత్వ కాలేజీ అయితే సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి అడగొచ్చు, ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. కానీ అక్కడిదాకా పోకుండా తల్లిదండ్రుల మీటింగులో నలుగురం కలిసి మర్యాదగా అడిగితే చాలాచోట్ల చెబుతారనే మా నమ్మకం. పీడీ సారు కూడా లోపల సంతోషిస్తాడు, ఆయన అడగలేని ప్రశ్న మనం అడిగినందుకు.

ఇక మన వంతు. మన తెలుగు సంఘాలు ఉగాదికి ఏటా మార్కులు వచ్చిన పిల్లలకి కవరు ఇస్తాయి, శాలువా కప్పుతాయి. మాకూ కప్పారు. ఆట ఆడిన పిల్లని వేదిక ఎక్కించడం మేం చూసిన సభల్లో ఒక్కసారీ లేదు. "మనవాళ్ళు చదువుకి పుట్టారు" అని పెద్దలు గొప్పగా చెబుతారు. పెద్దలూ, కోపం తెచ్చుకోకండి. నల్లరేగడిలో గుడారాలేసుకుని, తెలియని భాషలో బతికి చూపించిన మీ ఒంట్లో ఉన్నది చదువు ఒక్కటేనా?

మా ఇంట్లో ఈ ఏడు నుంచి ఒక నిర్ణయం చేసుకున్నాం. నవమి చందా ఎంత ఇస్తామో అంతే డబ్బు పక్కన పెట్టి, తాలూకాలో కాలేజీకి ఆడే పిల్లల్లో ఎవరికి బస్సు ఖర్చు అడ్డం వస్తే వాళ్ళకి ఇస్తాం. తెలుగు పిల్లే కానక్కర్లేదు, కన్నడం పిల్లయినా, ఉర్దూ పిల్లయినా. ఈ నేల మనకి అన్నం పెట్టింది కదా. బాబాయి దీనికి మొదటి వెయ్యి ఇచ్చాడు. ఏమీ మాట్లాడలేదు, కవరు బల్ల మీద పెట్టి మోటారు చూడ్డానికి పోయాడు.

మీరు ముంబైలో ఉన్నా, సూరత్‌లో ఉన్నా, చెన్నైలో ఉన్నా, ఈ జూన్‌లో పిల్ల ఫీజు కట్టేటప్పుడు రసీదు చివరిదాకా చదవండి. ఆ వరుస ఉంటుంది. లెక్క అనే మాట కన్నడంలోనూ లెక్కే, తెలుగులోనూ లెక్కే. మీ ఊళ్ళో దాన్ని ఏమంటారో ఆ మాటతోనే అడగండి. ఏం జవాబొచ్చిందో మాకు కూడా రాయండి.